పద్దెనిమిదేళ్ల గీత ఎవరికి అడ్డు?

2021 మే నెలలో హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు డొమినిక్ ఆంగ్వెన్ అనే ఉగాండా మనిషికి 25 ఏళ్ల జైలు శిక్ష వేసింది. లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ అనే తిరుగుబాటు ముఠాలో అతనొక కమాండర్. హత్యలు, చిత్రహింసలు, అత్యాచారాలు, ఆడపిల్లల్ని బలవంతంగా పెళ్లాలుగా చేసుకోవడం, ఇలా మొత్తం 61 నేరాలు రుజువయ్యాయి. పదిహేనేళ్లు నిండని పిల్లల చేతికి తుపాకులిచ్చి సైనికులుగా మార్చడం కూడా వాటిలో ఉంది. అయితే ఆంగ్వెన్ ఆ ముఠాలోకి వచ్చింది కూడా అలాగే. 1987లో, తొమ్మిదేళ్ల వయసులో, బడికి వెళ్తున్న పిల్లాణ్ని అదే ముఠా ఎత్తుకుపోయింది.

మరి అతను బాధితుడా, నేరస్తుడా? రెండూ అనేశారు జడ్జీలు. అతని బాల్యాన్ని శిక్ష తగ్గించడానికి కారణంగా తీసుకున్నారు కానీ, నేరం నుంచి బయటపడేయడానికి తీసుకోలేదు. ఆ కోర్టు నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండకముందు చేసిన నేరానికి అక్కడ ఎవరినీ విచారించడానికి వీల్లేదు. ఆంగ్వెన్ మీద మోపినవి 2002 నుంచి 2005 దాకా జరిగిన నేరాలు, అప్పటికి అతనికి ఇరవై దాటాయి. అంటే పదిహేడేళ్ల ఆంగ్వెన్ ఏం చేసినా ఆ కోర్టుకు పట్టదు. ఇరవై నాలుగేళ్ల ఆంగ్వెన్‌కు మాత్రం పూర్తి బాధ్యత ఉంది. మధ్యలో అతని జీవితంలో మారిందేమీ లేదు. అదే అడవి, అదే ముఠా.

మనిషి ఒక్క రాత్రిలో పెద్దవాడైపోడని అందరికీ తెలుసు, చట్టం రాసేవాళ్లకు కూడా. కానీ చట్టానికి ఒక తేదీ కావాలి. పిల్లల హక్కుల మీద అంతర్జాతీయంగా నడిచే గొడవల్లో చాలావరకు ఈ తేదీ దగ్గరే మొదలవుతాయి.

జాలి నుంచి హక్కు దాకా

పిల్లల హక్కుల అంతర్జాతీయ చట్టానికి మూలం ఒక అరెస్టు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక కూడా బ్రిటన్, దాని మిత్రదేశాలు జర్మనీ, ఆస్ట్రియాల మీద దిగ్బంధం కొనసాగించాయి. అక్కడ పిల్లలు తిండిలేక చచ్చిపోతున్నారు. 1919లో ఎగ్లాంటిన్ జెబ్ అనే ఆంగ్లేయురాలు ఆ పిల్లల ఫొటోలున్న కరపత్రాలు లండన్‌లో పంచింది. పోలీసులు పట్టుకెళ్లారు, కోర్టు 5 పౌండ్ల జరిమానా వేసింది. ఆ 5 పౌండ్లు ఆమె చేతికిచ్చింది ఆమెకు వ్యతిరేకంగా వాదించిన ప్రభుత్వ లాయరే. ఆ ఏడాదే ఆమె తన చెల్లెలితో కలిసి సేవ్ ది చిల్డ్రన్ సంస్థ పెట్టింది. ఆమె రాసిన ఐదు వాక్యాల ప్రకటనను 1924లో నానాజాతి సమితి ఆమోదించింది. పిల్లల గురించి దేశాలన్నీ కలిసి ఒప్పుకున్న మొదటి కాగితం అదే.

ఆ ఐదు వాక్యాల్లో ఆకలిగా ఉన్న బిడ్డకు తిండి పెట్టాలి, జబ్బు పడితే వైద్యం చేయాలి, ఆపద వచ్చినప్పుడు ముందు పిల్లలకే సాయం అందాలి అని ఉంటుంది. చదివితే కడుపు నిండుతుంది. కానీ అందులో పని అంతా పెద్దలదే. బిడ్డ అనే మనిషి పుచ్చుకోవడం తప్ప చేసేదేమీ లేదు. బిడ్డ అంటే ఎన్నేళ్లదాకా అన్న మాట కూడా ఎక్కడా లేదు. జాలికి వయసు లెక్కతో పనిలేదు కదా.

వయసు లెక్క వేసింది కార్మిక చట్టం. 1919లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ తన ఐదో ఒప్పందంలో ఫ్యాక్టరీ పనికి 14 ఏళ్లు కనీస వయసుగా పెట్టింది. అదే ఒప్పందంలో ఇండియాకు వేరే లెక్క రాశారు. ఇండియాలో 12 చాలు, అది కూడా పదిమందికి మించి పనిచేసే, కరెంటో ఆవిరో వాడే కర్మాగారాల్లో, గనుల్లో, రైల్వేల్లో, రేవుల్లో సరుకు ఎక్కించి దించే పనిలో మాత్రమే. అప్పుడు మనం బ్రిటిష్ ఏలుబడిలో ఉన్నాం కాబట్టి ఆ బేరం ఆడింది ఎవరో చెప్పక్కర్లేదు. అంతర్జాతీయ చట్టం బాల్యానికి గీసిన మొట్టమొదటి గీతే దేశాన్ని బట్టి వంగింది. ఇంగ్లండు పిల్లాడి బాల్యం కన్నా కాకినాడ రేవులో సరుకు దించే పిల్లాడి బాల్యం రెండేళ్లు తక్కువ.

1959లో ఐక్యరాజ్యసమితి పది సూత్రాలతో ఇంకో ప్రకటన చేసింది. అది కూడా ప్రకటనే, ఏ ప్రభుత్వాన్నీ కట్టిపడేసేది కాదు. చట్టంగా మార్చాలని 1978లో అడిగింది పోలండ్. ఆ దేశం ఎందుకు చొరవ తీసుకుందో అర్థం కావాలంటే యానుష్ కోర్చాక్ గురించి తెలియాలి. వార్సాలో అనాథాశ్రమం నడిపిన పిల్లల డాక్టర్. అక్కడ పిల్లలు తమ గొడవల మీద తామే తీర్పు చెప్పుకునే కోర్టు ఉండేది, పెద్దల మీద కూడా అందులో ఫిర్యాదు చేయొచ్చు. పిల్లలే రాసే పత్రిక కూడా ఆయన నడిపించాడు. పిల్లలు రేపటి పౌరులు అనే మాట ఆయనకు నచ్చదు. వాళ్లు ఇవాళే మనుషులు అన్నది ఆయన పట్టు. 1942లో నాజీలు తన ఆశ్రమంలోని దాదాపు 200 మంది పిల్లల్ని ట్రెబ్లింకా నిర్మూలన శిబిరానికి తీసుకెళ్తుంటే, తప్పించుకునే అవకాశం ఉన్నా కాదని, వాళ్లతోనే రైలెక్కాడు. జెబ్ దగ్గర మొదలైన దారిలో బిడ్డ సాయం అందుకునే మనిషి. కోర్చాక్ దారిలో బిడ్డ నోరున్న మనిషి. 1989 నవంబర్ 20న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో ఈ రెండు దారులూ కలిశాయి. పూర్తిగా కలిసిపోయాయని మాత్రం చెప్పలేం.

మొదటి అధికరణంలో దాచిన రెండు గొడవలు

ఒడంబడిక మొదటి అధికరణం చాలా చిన్నది. పద్దెనిమిదేళ్ల లోపు ప్రతి మనిషీ బాలలే, వాళ్లకు వర్తించే చట్టం ప్రకారం అంతకంటే ముందే మేజర్ అయితే తప్ప. ఇంతే.

ఇందులో బాల్యం ఎప్పుడు ముగుస్తుందో ఉంది, ఎప్పుడు మొదలవుతుందో లేదు. మర్చిపోయి వదిలేసింది కాదు. పోలండ్ చిత్తుప్రతిలో పుట్టినప్పటి నుంచి అని ఉండేది. గర్భంలో ఉన్నప్పటి నుంచి లెక్కపెట్టాలని కొన్ని దేశాలు, అలా రాస్తే తమ దగ్గర గర్భస్రావ చట్టాలు కూలిపోతాయని మరికొన్ని. తేలకపోవడంతో అధికరణంలోంచి ఆ ముక్క తీసేసి, పీఠికలో మాత్రం పుట్టకముందూ పుట్టిన తర్వాతా రక్షణ కావాలన్న 1959 నాటి మాటను ఉంచారు. ఎవరికి కావలసినట్టు వాళ్లు చదువుకోవచ్చు. అంతర్జాతీయ ఒప్పందాల్లో మాట పెగలని చోట మౌనమే ఒప్పందం.

రెండో గొడవ ఆ చివరి తోక. ముందే మేజర్ అయితే తప్ప అన్నారంటే, పదిహేనేళ్లకే పెళ్లి చేసి ఇక మేజర్ అని ప్రకటించే దేశం ఒప్పందాన్ని ఉల్లంఘించినట్టా, పాటించినట్టా? అమలును చూసే జెనీవా కమిటీ ఏళ్ల తరబడి దేశాల చేత ఆ తోక కత్తిరించే పని చేస్తోంది. ఆఫ్రికా దేశాలు 1990లో తమకోసం రాసుకున్న బాలల చార్టర్‌లో ఆ తోక అసలు లేదు. 18 లోపు అందరూ బాలలే, అంతే. పిల్లల సంప్రదాయ పెళ్లిళ్లు ఎక్కువని పేరున్న ఖండం ఐక్యరాజ్యసమితి కంటే గట్టి గీత గీసింది.

అదే చార్టర్‌లో ఇంకో విశేషం ఉంది. పిల్లల బాధ్యతలు అని ఒక అధికరణం. తల్లిదండ్రుల్ని, పెద్దల్ని గౌరవించడం, అవసరంలో ఆదుకోవడం, సమాజానికి సేవ చేయడం. హక్కుల పుస్తకంలో బాధ్యతలు ఎందుకని జెనీవా న్యాయవాదులు ముఖం చిట్లించారు కానీ, మన ఇళ్లల్లో ఎవరికి చూపించినా ఇందులో తప్పేముంది అంటారు. బాల్యం అంటే ఆటపాటలు, బడి, బరువు బాధ్యతల్లేని కాలం అనే బొమ్మ అన్ని కాలాల్లోనూ, అన్ని ఊళ్లలోనూ ఒకటి కాదు. ఫిలిప్ ఆరియెస్ అనే ఫ్రెంచి చరిత్రకారుడు 1960లో మధ్యయుగాల ఐరోపాకు బాల్యం అనే వేరే దశ తెలియనే తెలియదని వాదించాడు. తర్వాతి చరిత్రకారులు ఆ మాటను చాలావరకు కొట్టేశారు. కానీ ఆయన లేపిన అనుమానం మిగిలిపోయింది: ఒడంబడికలో ఉన్న బాల్యం ప్రపంచం మొత్తానిదా, లేక మధ్యతరగతి ఐరోపా ఇంట్లో పుట్టిందా?

ఆ అనుమానం ఎలా ఉన్నా, 196 పక్షాలు ఈ ఒడంబడికలో చేరాయి. మానవ హక్కుల ఒప్పందాల్లో ఇంత మంది చేరింది ఇంకోటి లేదు. సోమాలియా కూడా 2015లో చేరింది. మిగిలింది అమెరికా ఒక్కటే. 1995లో సంతకం పెట్టింది, సెనేట్ ఆమోదానికి ఎప్పుడూ పంపలేదు. పిల్లల్ని ఎలా పెంచాలో ఐక్యరాజ్యసమితి చెప్పడమేంటి, ఇంట్లోనే చదువు చెప్పుకునే హక్కు పోతుంది అన్నది అక్కడి వ్యతిరేకుల టెన్షన్. విచిత్రం ఏంటంటే, 18 ఏళ్ల లోపు చేసిన నేరానికి మరణశిక్ష వేయకూడదని 2005లో రోపర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో తీర్పు ఇచ్చినప్పుడు, తమ దేశం చేరని ఆ ఒడంబడికనే మెజారిటీ తీర్పు ప్రస్తావించింది.

గీత ఒకటి, వాలు ఒకటి

18 అనే గీత మొదటి అధికరణంలో ఉంటే, ఆ గీతను నమ్మొద్దని చెప్పే మాట ఐదో అధికరణంలో ఉంది. బిడ్డ సామర్థ్యం ఎదుగుతున్న కొద్దీ దానికి తగ్గట్టు తల్లిదండ్రులు దారి చూపాలి అంటుంది అది. అంటే ఐదేళ్లకు ఒకలా, పదికి ఒకలా, పదహారుకు ఇంకోలా. పన్నెండో అధికరణం ఇంకాస్త ముందుకు పోతుంది. సొంత అభిప్రాయం ఏర్పరచుకోగల బిడ్డకు తన విషయంలో ఆ అభిప్రాయం చెప్పే హక్కుంది, వయసును, పరిణతిని బట్టి దానికి విలువ ఇవ్వాలి. మూడో అధికరణం మాత్రం పిల్లలకు ఏది మంచిదో అదే ముఖ్యం అంటుంది. ఏది మంచిదో ఎవరు తేల్చాలి? చాలాసార్లు పెద్దలే.

కాబట్టి ఒడంబడికలో ఒక నిట్టనిలువు గీత, ఒక మెల్లటి వాలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఎక్కడ ఏది వాడాలో అది చెప్పదు. నా మటుకు నేను ఒక ప్రశ్న అడుగుతాను: ఈ గీత ఎవరికి అడ్డు? తుపాకీ ఇచ్చేవాడికి, కూలికి పెట్టుకునేవాడికి, మెడలో తాళి కట్టేవాడికి అడ్డంగా ఉంటే అది ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది. ఆ పిల్లకే, పిల్లాడికే అడ్డంగా నిలిస్తే, వాళ్ల నోరు నొక్కడానికో వాళ్లను జైలుకు పంపడానికో వాడితే, అక్కడ వాలు కావాలి. దేశాలు చేస్తున్నది చాలాచోట్ల దీనికి సరిగ్గా తలకిందులు.

సైన్యం సంగతి చూడండి. మిగతా అన్నిటికీ 18 అని రాసిన ఒడంబడిక యుద్ధం దగ్గరికొచ్చేసరికి 38వ అధికరణంలో 15కి దిగిపోయింది. పదహారేళ్ల పిల్లాడు చాలా దేశాల్లో ఓటు వేయలేడు, యుద్ధంలో చావొచ్చు. అప్పటికే యుద్ధ నియమాలు చెప్పే జెనీవా ఒప్పందాల అదనపు ప్రోటోకాళ్లలో 15 ఉండటం, కొన్ని పెద్ద దేశాలకు చిన్న వయసు కుర్రాళ్లు సైన్యంలో అవసరం కావడం కారణాలు. ఈ సిగ్గును కొంత కడుక్కోవడానికి 2000లో ఐచ్ఛిక ప్రోటోకాల్, అంటే ఇష్టమైన దేశాలు చేరే అనుబంధ ఒప్పందం, వచ్చింది. దాని ప్రకారం బలవంతంగా సైన్యంలో చేర్చుకోవడానికి, నేరుగా యుద్ధంలో దించడానికి కనీసం 18 ఉండాలి. స్వచ్ఛందంగా చేరడానికి ప్రభుత్వ సైన్యాలకు 16 చాలు. బ్రిటన్ ఇప్పటికీ పదహారేళ్లవాళ్లను తీసుకుంటోంది. తిరుగుబాటు ముఠాలకు మాత్రం ఏ సడలింపూ లేదు, 18 అంటే 18. నియమం రాసింది ప్రభుత్వాలు కదా. యుద్ధనేరంగా లెక్కించేటప్పుడు మళ్లీ 15. 2012లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఇచ్చిన మొట్టమొదటి శిక్ష, కాంగోకు చెందిన థామస్ లుబాంగాది, పదిహేనేళ్ల లోపు పిల్లల్ని సైన్యంలో చేర్చినందుకే. పదహారేళ్లవాళ్లను చేర్చుకుని ఉంటే ఆ కోర్టుకు వచ్చేవాడే కాదు.

పిల్లల చేతిలో తుపాకీ పెట్టడం ఎవరి నేరం అన్న విషయంలో సియెర్రా లియోన్ అంతర్యుద్ధ నేరాలను విచారించిన ప్రత్యేక కోర్టు మంచి ఉదాహరణ. దాని చట్టం 15 నిండినవాళ్లను విచారించడానికి ఒప్పుకుంది. ప్రాసిక్యూటర్ డేవిడ్ క్రేన్ మాత్రం పిల్లల మీద కేసు పెట్టనని చెప్పేశాడు, పెట్టలేదు. ఆ యుద్ధంలో పిల్లలు చేసిన ఘోరాలు చిన్నవి కావు. ఊళ్లలో జనం చేతులు నరికినవాళ్లలో పిల్లలూ ఉన్నారు. అయినా అడగాల్సింది వాళ్లను దించినవాళ్లనే అని ఆయన తేల్చుకున్నాడు.

బడి బయట ఉన్న ప్రతి బిడ్డా

పని దగ్గరికొస్తే ఈ ప్రశ్న మన గుమ్మంలోకే వస్తుంది. 1992 డిసెంబర్ 11న ఇండియా ఒడంబడికలో చేరుతూ ఒక ప్రకటన జోడించింది. రకరకాల కారణాల వల్ల మా దేశంలో వేర్వేరు వయసుల పిల్లలు పనిచేస్తున్నారు, అన్ని రకాల పనులకూ వెంటనే కనీస వయసు పెట్టడం మాకు సాధ్యం కాదు, బాలల శ్రమదోపిడీకి సంబంధించిన 32వ అధికరణాన్ని మెల్లమెల్లగా అమలు చేస్తాం అన్నది దాని సారాంశం. అబద్ధం కాదు. కానీ అప్పటికే దీనికి పూర్తిగా ఎదురు వాదన రంగారెడ్డి జిల్లాలో తయారవుతోంది.

శాంతా సిన్హా నడిపించిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1990లలో అక్కడ చేసిన పనికి ఆధారం ఒకే వాక్యం: బడికి వెళ్లని ప్రతి బిడ్డా బాల కార్మికుడే. ప్రమాదకరమైన పని, ప్రమాదం లేని పని అనే తేడా వాళ్లు ఒప్పుకోలేదు. మేకలు కాసే పిల్లాడు, ఇంట్లో తమ్ముణ్ని ఎత్తుకుని వంట చేసే పిల్ల, అందరూ ఆ లెక్కలోకి వస్తారు. ఈ రెండో మాట ముఖ్యం. కూలి డబ్బు చేతికి రాదు కాబట్టి ఇంటిపని చేసే ఆడపిల్లలు అంతకుముందు ఏ లెక్కలోనూ ఉండేవాళ్లు కాదు. బీదరికం వల్ల పిల్లలు పనిచేస్తారు, బీదరికం పోతే బడికొస్తారు అన్న వాదనను కూడా వాళ్లు తిరగేశారు. పన్నెండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెట్టలేం కాబట్టి బ్రిడ్జి క్యాంపులు పెట్టారు. కొన్ని నెలలు క్యాంపులోనే ఉంచి చదువు చెప్పి, వయసుకు తగ్గ తరగతిలో చేర్పించేవాళ్లు. 2003లో శాంతా సిన్హాకు మెగసెసే అవార్డు వచ్చింది, 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమే మొదటి అధ్యక్షురాలు. 2009 విద్యాహక్కు చట్టంలో వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడినవాళ్లకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి అని ఉన్న నాలుగో సెక్షన్ చదివితే, ఆ క్యాంపులు చూసినవాళ్లకు కొత్తగా అనిపించదు.

దీనికి సరిగ్గా ఎదురు చివర బొలీవియా. అక్కడ పనిచేసే పిల్లలకు యూనియన్ ఉంది. మమ్మల్ని పని మానిపించడం కాదు, పనిలో మాకు హక్కులివ్వండి అని వాళ్లు 2013 చివర్లో లా పాజ్ వీధుల్లోకి వచ్చారు. మా అభిప్రాయం వినండి, అది పన్నెండో అధికరణం ఇచ్చిన హక్కు అన్నారు. 2014లో బొలీవియా కొన్ని షరతులతో పదేళ్ల పిల్లలు సొంతంగా, పన్నెండేళ్లవాళ్లు ఒకరి దగ్గర పనిచేయొచ్చని చట్టం చేసింది. ప్రపంచంలో అంత తక్కువ వయసు ఇంకెక్కడా లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 138వ ఒప్పందం ప్రకారం వెనకబడిన దేశాలకు కూడా 14 ఉండాలి, తేలిక పనులకు 12. ఒత్తిడి పెరిగింది, 2018లో బొలీవియా ఆ సడలింపును వెనక్కి తీసుకుంది.

బొలీవియా పిల్లల్ని అమాయకులని కొట్టిపారేయలేం. వాళ్లు చెప్పినదాంట్లో ఒక నిజం ఉంది: నిషేధం పెడితే పని ఆగదు, చాటుకు పోతుంది, చాటున కూలి తగ్గుతుంది. అయినా నేను రంగారెడ్డి వైపే ఉంటాను. కారణం కర్నూలు, మహబూబ్‌నగర్ పత్తి విత్తన పొలాలు. హైబ్రిడ్ విత్తనం కోసం ఒక్కో పువ్వును చేత్తో విప్పి, మర్నాడు పొద్దున్నే పుప్పొడి అద్దాలి. పొట్టిగా ఉండే ఆడపిల్లలకు మొక్క ఎత్తు సరిపోతుంది, పెద్దవాళ్లకంటే తక్కువ కూలికి వస్తారు, తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చేస్తే సీజన్ మధ్యలో వదిలి వెళ్లలేరు. ఆ పిల్లలకు యూనియన్ పెట్టి అడిగినా పనిచేస్తామనే చెప్తారేమో. అడ్వాన్సు తీసుకున్న ఇంట్లో పుట్టిన పిల్ల ఇంకేం చెప్తుంది? ఇక్కడ గీత అడ్డుకోవాల్సింది విత్తనం కొనేవాణ్ని.

ఇండియా 2017లో కార్మిక సంస్థ 138వ ఒప్పందాన్ని, పిల్లల చేత ఘోరమైన పనులు చేయించడాన్ని నిషేధించే 182వ ఒప్పందాన్ని ఆమోదించింది. దానికి ముందు ఏడాది బాలకార్మిక చట్టాన్ని సవరించి 14 లోపు పిల్లలకు ఏ పనీ కుదరదు అన్నారు. అందులోనే ఒక కిటికీ తెరిచారు: బడి అయ్యాక, సెలవుల్లో, ప్రమాదకరం కాని కుటుంబ వ్యాపారంలో సాయం చేయొచ్చు. ఇంట్లోనే పని నడిచే చోట కుటుంబ వ్యాపారం ఎక్కడ ముగుస్తుంది, కాంట్రాక్టరు పని ఎక్కడ మొదలవుతుంది అని చూసేందుకు లేబర్ ఇన్‌స్పెక్టర్ వెళ్లిన దాఖలాలు తక్కువ.

నేరం, ప్రేమ

నేరం చేసిన పిల్లల దగ్గర గీత తిరగబడుతుంది. 2019లో జెనీవా కమిటీ నేర బాధ్యతకు కనీస వయసు 14 అయినా ఉండాలని దేశాలను కోరింది. ఇండియాలో 1860 నాటి శిక్షాస్మృతి ఏడేళ్లు అంది. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఆ ఏడును అలాగే ఉంచింది. ఏడు నుంచి పన్నెండు మధ్య పిల్లాడికి తను చేసిందేంటో అర్థమయ్యే పరిణతి ఉందా అని చూడాలి. పేరు మారింది, అంకె కదల్లేదు. అయితే ఏడేళ్ల పిల్లాణ్ని జైల్లో వేస్తారని కాదు. 18 లోపు అందరూ జువెనైల్ జస్టిస్ బోర్డుకే వెళ్తారు.

ఆ రెండో గీత కూడా ఊగింది. 1986 చట్టంలో మగపిల్లలకు 16, ఆడపిల్లలకు 18. బాలల ఒడంబడికను పీఠికలోనే పేర్కొంటూ 2000లో ఇద్దరికీ 18 చేశారు. 2012 డిసెంబర్ ఢిల్లీ అత్యాచారం కేసు నిందితుల్లో ఒకరికి 18కి కొద్ది నెలలు తక్కువ. మూడేళ్లు స్పెషల్ హోమ్‌లో ఉండి 2015 డిసెంబర్ 20న బయటికొచ్చాడు. రెండు రోజులకు రాజ్యసభ కొత్త చట్టాన్ని ఆమోదించింది. పదహారు దాటినవాళ్లు ఏడేళ్లకు తగ్గని శిక్ష పడే ఘోరమైన నేరం చేస్తే, బోర్డు వాళ్ల మానసిక స్థితిని అంచనా వేసి, పెద్దవాళ్లలాగా విచారించడానికి పంపొచ్చు. కోపంలో చేసిన చట్టం. ఆ కోపం అర్థం కానిది కాదు. కానీ నేరం జరిగిన నెలలకు ఒక కుర్రాడితో మాట్లాడి ఆ రోజు అతని బుర్ర ఎంత ఎదిగి ఉందో చెప్పగల సైకాలజిస్టు నాకు తెలిసి లేడు. వాలును చూస్తున్నామని పేరు పెట్టి, నిజానికి నేరం ఎంత పెద్దదో చూస్తున్నారు.

పదహారేళ్లవాడు అత్యాచారం చేస్తే పెద్దవాడితో సమానం. అదే పదహారేళ్ల పిల్ల ప్రేమిస్తే? అప్పుడు ఆమె పసిపిల్ల. లైంగిక నేరాల నుంచి పిల్లల్ని కాపాడటానికి చేసిన 2012 పోక్సో చట్టం ప్రకారం 18 లోపు సమ్మతికి విలువే లేదు. మన దేశంలో ఈ వయసు చరిత్ర చూస్తే ఎంత దూరం వచ్చామో తెలుస్తుంది. 1860లో పదేళ్లు. 1891లో దాన్ని పన్నెండు చేస్తే తిలక్ లాంటివాళ్లు మతంలో జోక్యమని మండిపడ్డారు. పెళ్లయిన పిల్లకు 15 దాటితే భర్త చేసేది అత్యాచారం కాదన్న మినహాయింపును 2017లో సుప్రీంకోర్టు 18కి తెచ్చింది. భర్త అన్న కారణంతో పిల్ల మీద బలవంతం చెల్లదని చెప్పిన ఆ తీర్పు గీత ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టింది.

కానీ పోలీస్ స్టేషన్‌కు వచ్చే పోక్సో కేసుల్లో పదిహేడేళ్ల పిల్ల, పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఇల్లు వదిలి వెళ్లిపోతే పిల్ల తండ్రి పెట్టినవి చాలా ఉంటాయి. కులం వేరైతే కేసు ఇంకా తొందరగా పడుతుంది. ఆ పిల్లను కాపాడటానికి చేసిన చట్టం ఆమె మాట వినకుండా ఉండటానికి పనికొస్తోంది. 2016లో జెనీవా కమిటీ కౌమార వయసు పిల్లల గురించి చెప్తూ, దాదాపు ఒకే వయసువాళ్లు, దోపిడీ లేకుండా, ఇష్టంతో దగ్గరైతే దాన్ని నేరం చేయొద్దంది. మన లా కమిషన్ 2023లో 18ని తగ్గించొద్దని, 16 నుంచి 18 మధ్య కేసుల్లో శిక్ష విషయంలో జడ్జికి కొంత విచక్షణ ఇవ్వాలని చెప్పింది. అంటే కుర్రాడు అరెస్టు అవుతాడు, బెయిలు కోసం తిరుగుతాడు, చివర్లో జడ్జి దయతలచొచ్చు. వయసుల తేడా మూడు నాలుగేళ్లకు మించకపోతే కేసే ఉండకూడదన్న నియమం కొన్ని దేశాల్లో ఉంది. మన చట్టంలో అలాంటి నియమం లేదు.

ఇక నోరున్న మనిషి సంగతి. 2014లో అమల్లోకి వచ్చిన మూడో ఐచ్ఛిక ప్రోటోకాల్ ప్రకారం పిల్లలు తమ హక్కుల కోసం నేరుగా జెనీవా కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. 2019లో గ్రేటా థన్‌బర్గ్‌తో కలిపి 16 మంది పిల్లలు, వాతావరణ మార్పును ఆపడానికి చేయాల్సింది చేయనందుకు, అర్జెంటీనా, బ్రెజిల్, ఫ్రాన్స్, జర్మనీ, టర్కీల మీద ఫిర్యాదు పెట్టారు. వాళ్లలో ఉత్తరాఖండ్‌కు చెందిన రిధిమా పాండే ఉంది. 2021లో కమిటీ, ముందు ఆయా దేశాల కోర్టులకు వెళ్లి రమ్మని చెప్పి ఫిర్యాదును తిప్పి పంపింది. కానీ ఒక దేశం వదిలే పొగ వేరే దేశంలో పిల్లలకు చేసే హానికి ఆ దేశం జవాబుదారీ కావొచ్చని ఒప్పుకుంది. ఓడిన కేసులో అంత పెద్ద మాట రావడం అరుదు.

ఆ ఐదు దేశాల జాబితాలో ఇండియా ఎందుకు లేదు? ఆ ప్రోటోకాల్‌లో ఇండియా చేరలేదు, కాబట్టి దాని మీద జెనీవాలో ఫిర్యాదు చేయడం ఏ బిడ్డకూ కుదరదు. రిధిమా అంతకుముందే 2017లో, తొమ్మిదేళ్లప్పుడు, మన ప్రభుత్వం మీద జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. 2019లో ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది. ఆమె బ్రెజిల్ మీద జెనీవాకు వెళ్లగలిగింది, సొంత దేశం మీద వెళ్లే దారి ఇప్పటికీ లేదు.